తలుపు పక్క సీటు

"చులుమానీ! చులుమానీ! ఒక్క సీటే ఉంది. మీరెక్కితే బండి కదలడమే!"

"ఆ సెడాన్ ఎక్కితే మోకాళ్లు గడ్డానికి తగుల్తాయమ్మా! ఇటు రండి, మా మినీవ్యాన్‌లో కాళ్లు చాపుకుని నిద్రపోతూ పోవచ్చు!"

"నిద్రపోతూనే ఉండాలి మరి! అది నిండేసరికి తెల్లారుతుంది!"

లా పాజ్‌లో విల్యా ఫాతిమా అడ్డా దగ్గర రోడ్డుకి ఆ పక్క సెడాన్ కార్ల సంఘం, ఈ పక్క మినీవ్యాన్ల సంఘం. మధ్యలో సూట్‌కేసు గుండెలకి హత్తుకుని దనీత్సా. టీచరు ఉద్యోగం వచ్చిందన్న సంతోషం అడ్డాకి వచ్చేదాకా బాగానే ఉంది. కొత్త టీచర్లందరూ ముందు దూరపు ఊళ్లలో పనిచెయ్యాలి. ఆమెకి పడ్డ ఊరు చులుమానీ. ఆ ఊరికి దారి కొండ అంచున, లోయ మీదుగా, పొగమంచులోంచి పోతుంది. ఆ దారి గురించి చిన్నప్పటి నుంచీ విన్న కథలన్నీ ఆమెకి ఇప్పుడొకేసారి గుర్తొచ్చాయి.

"ముందు రెండింట్లోనూ కూర్చుని చూస్తాను. తర్వాతే టికెట్టు," అంది.

అరుస్తున్న ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అలా అడిగిన మనిషిని వాళ్లెప్పుడూ చూడలేదు.

ముందు మినీవ్యాన్ ఎక్కింది. చివరి వరసలో ఖాళీ ఉంది. నిజం చెప్పాలంటే సీటు బాగుంది. మెత్తగా ఉంది, తల ఆనించుకోవచ్చు, మీట లాగితే వెనక్కి వాలుతుంది, కాళ్ల ముందు సూట్‌కేసు పెట్టినా ఇంకా చోటుంది. కానీ దనీత్సా సుఖాన్ని కొలిచే పద్ధతి వేరు. ఆమె తలుపు వైపు చూసింది. తలుపుకీ తనకీ మధ్య రెండు వరసల జనం, నడవలో మడత సీటు మీద ఒక లావుపాటి పెద్దాయన, ఆయన ఒళ్లో ఉల్లిపాయల బస్తా. బండి లోయలోకి జారితే వీళ్లందరికీ "కాస్త జరుగుతారా" అని చెప్పుకుంటూ ఎప్పటికి బయటపడాలి?

దిగిపోయి, సెడాన్ ముందు సీట్లో కూర్చుంది. స్ప్రింగు ఒకటి వీపులో గుచ్చుకుంది. ముడి వేసుకున్న జుట్టు పైకప్పుకి రాసుకుంది. మోకాళ్లు ముందు పలకకి ఆనుకున్నాయి. అయితేనేం, చెయ్యి చాస్తే తలుపు పిడి!

"ఏమండీ, బండి ఎక్కుతారా, కొనుక్కుంటారా?" పక్కనుంచి ఎవరో అడిగారు.

డ్రైవరు. పేరు లింబెర్ట్. బుగ్గమీద సొట్ట, కళ్లలో నవ్వు. ఇంకోరోజైతే దనీత్సా ఆ సొట్టని గమనించి ఉండేది. ఇప్పుడామె కళ్లు ఇంకో దానిమీద ఉన్నాయి.

"మేస్త్రీ, ఇదేంటి? స్పీడు చూపించే ముల్లు నా ముందుంది?" అంది. అక్కడ డ్రైవర్లని అందరూ మేస్త్రీ అనే పిలుస్తారు.

"జపాను నుంచి వచ్చిన బండి కదండీ. అక్కడ స్టీరింగు కుడివైపు ఉంటుంది. మన షెడ్డువాళ్లు స్టీరింగు ఇటు మార్చారు. ముల్లు మార్చడానికి బద్ధకించారు."

"అంటే మీరెంత వేగంగా పోతున్నారో మీకే తెలీదా?"

"ఇంజను చప్పుడు చెబుతుంది. ముందు సీటువాళ్లు చెబుతారు. ఏం లాభం, ముందు సీటువాళ్లు ఎక్కీ ఎక్కగానే గురకపెడతారు."

"నేను నిద్రపోను," అంది దనీత్సా, పిడి గట్టిగా పట్టుకుని.

అన్నట్టే, దారి పొడుగునా రెప్ప వెయ్యలేదు.

"నలభై! నలభై అయిదు! మేస్త్రీ, యాభై!"

"ఏంటమ్మా, లాటరీ నంబర్లా?" అంది వెనక సీట్లో ఒకామె.

"లాటరీయే పిన్నిగారూ, తగిలితే ఊరు చేరతాం," అన్నాడు లింబెర్ట్. అందరూ నవ్వారు, దనీత్సా తప్ప.

కనుమ మీద మంచు గాలి కొడుతుంటే బండి ఆపి దిగాడు. ఆ దారిన పోయే ప్రతి డ్రైవరూ చేసినట్టే, చిన్న సీసాలోంచి సారాయి చుక్కలు భూమి మీద చల్లి భూదేవి పచమామ తల్లిని తలుచుకున్నాడు. కారు చుట్టూ తిరిగి చక్రాల మీదా చల్లాడు. దనీత్సా కిటికీ అద్దం దించింది.

"మేస్త్రీ, నా పేరున ఇంకో చుక్క."

"మీ పేరు చెప్తేగా చల్లేది?"

చెప్పక తప్పలేదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆ ముందు సీటు ఆమెదే. శుక్రవారం చులుమానీ చౌకులో తిరుగు బండికి కూడా అంతే. ఎవరైనా ఎక్కబోతే లింబెర్ట్ "అక్కడ స్ప్రింగు విరిగిందండీ, చాలా గుచ్చుకుంటుంది" అని వెనక్కి పంపేసేవాడు. స్ప్రింగు నిజంగానే గుచ్చుకునేది. దనీత్సా దానిమీద ఒక దిండు తెచ్చి వేసుకుంది.

బత్తాయిలు ఒలిచి తొనలు అందించేది. "ముప్పై దాటితే తొన లేదు," అని షరతు.

"ఈ లెక్కన మనం క్రిస్మసుకి చేరతాం టీచరమ్మా."

"చేరతాం కదా. అది చాలు."

వంపు తిరిగినప్పుడల్లా ఆమె కళ్లు మూసుకునేది. మూసుకుంటే ముల్లు కనబడదు కాబట్టి ఒక కన్ను మాత్రమే మూసుకునేది. ఆ ఒంటి కన్ను ముఖాన్ని చూడటానికి లింబెర్ట్ ఒకసారి తల తిప్పాడు. "రోడ్డు! రోడ్డు చూడండి!" అని కేక వేసింది. అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆమెవి కూడా. వెనక సీటు పిన్నిగారు గొంతు సవరించుకుంది.

ఇంత ముచ్చటలో ఒక కొత్త భయం ఎప్పుడు వచ్చి చేరిందో దనీత్సాకి తెలీలేదు. ఒక బుధవారం మధ్యాహ్నం బోర్డు మీద లెక్క రాస్తోంది. బడి కిటికీలోంచి ఎదురు కొండ మీద దారి సన్నటి గీతలా కనిపిస్తుంది. ఆ గీత మీద తెల్లటి చుక్క ఒకటి పాకుతోంది. అతనేనా? ఇప్పుడు ముందు సీట్లో ఎవరున్నారు? నిద్రపోతున్నారా? ఎంత వేగం? సుద్దముక్క చేతిలో విరిగిపోయింది. తను బండిలో ఉన్నప్పుడు భయమేస్తే పట్టుకోవడానికి తలుపు పిడి ఉంది. ఈ భయానికి పిడీ లేదు, తలుపూ లేదు.

డ్రైవరుని చేసుకుంటే వారమంతా ఇంతేగా, జన్మంతా ఇంతేగా అనుకుంది. ఇంకా అతను అడగనైనా లేదు. అడిగితే ఏం చెప్పాలో అని అప్పుడే దిగులు.

అడిగే రోజు వచ్చిందనుకుంది ఒక శుక్రవారం. లింబెర్ట్ బండి కదిలినప్పటి నుంచీ ఏదో చెప్పబోయి మింగుతున్నాడు.

"టీచరమ్మా, ఒక మాట. వచ్చే వారం నుంచి ఈ సెడాన్ ఉండదు. అమ్మా నేనూ కలిసి మినీవ్యాన్ కొన్నాం."

దనీత్సా చేతిలో తొన అక్కడే ఆగిపోయింది.

"చూడండి, ఎంత బాగుంటుందో! సీట్లు వెనక్కి వాలతాయి. చెయ్యి పెట్టుకోవడానికి చోటు. తల తగలదు. కాళ్ల దగ్గర ఇంకో మనిషి పడుకోవచ్చు. ముల్లు కూడా నా ముందే. మీరు హాయిగా నిద్రపోవచ్చు!"

"నేను నిద్రపోతానని మీకెవరు చెప్పారు?"

"మీ సుఖం కోసమే కదండీ..."

"నంబర్లు చెప్పీ చెప్పీ మీ చెవులు నొప్పి పుట్టించానని చెప్పొచ్చుగా. దానికి బండి మార్చాలా?"

"అయ్యో, అది కాదు! దానికి వేరే కారణం ఉంది. ఇప్పుడే చెప్పకూడదు."

"చెప్పొద్దు. రెట్టింపు జనం, రెట్టింపు చార్జీలు. నాకు తెలీదా?" విల్యా ఫాతిమాలో దిగి, తలుపు ధడాల్న వేసింది. రోడ్డు దాటాక గుర్తొచ్చింది, దిండు కారులోనే ఉండిపోయింది. వెనక్కి వెళ్లలేదు. ఇంటికెళ్లి ఏడ్చింది.

ఆదివారం వాన. ఆగని వాన. దారిలో వాగులు పొంగాయని, ఎత్తు తక్కువ బళ్లు దాటలేవని సెడాన్ల సంఘం ఆ రోజు ఎవర్నీ ఎక్కించుకోలేదు. మినీవ్యాన్లలో కదలడానికి సిద్ధంగా ఉన్నది ఒక్కటే. స్టీరింగు ముందు లింబెర్ట్ కూర్చుని ఉన్నాడు.

"ముందు సీటు ఇచ్చేశారా?" అంది, ఎటో చూస్తూ.

"మీరు రారనుకున్నాను," అన్నాడతను, ఇంకెటో చూస్తూ. "చివర్లో ఒకటుంది."

చివరి వరస! జనాన్ని దాటుకుంటూ వెళ్లింది. అక్కడ సీటున్నరలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఒకదాని మీద ఒకటి అయిదారు పావడాలు, పైన పోల్యెరా అనే కుచ్చుల లంగా, రెండు జడలు, తలమీద నల్లటి గుండ్రటోపీ.

"రా తల్లీ, కూర్చో. ఈ గుడ్డలన్నీ నొక్కేస్తే చోటు అదే వస్తుంది. ఇదివరకు మా వాడి సెడాన్‌లో ఎక్కాలంటే టోపీ తియ్యాల్సొచ్చేది. టోపీ తీసిన ఆడదానికి మర్యాదేముంటుంది చెప్పు! సగం పావడాలు తలుపులోనే పడేవి. ఇది చూడు, రాణీగారి బండి!"

"మీ వాడా?" అంది దనీత్సా.

"ఆ నడిపేవాడే. నేను వాడి అమ్మని, బసీలియాని." ఆవిడ కళ్లు చిన్నవి చేసి చూసింది. "నువ్వు టీచరమ్మవా? బత్తాయిల అమ్మాయివా?"

దనీత్సా తలెత్తి చూసింది. ముందు అద్దంలో లింబెర్ట్ కళ్లు ఒకసారి మెరిసి, గబుక్కున తప్పుకున్నాయి.

"ఈ మినీవ్యాన్ ఎందుకనుకున్నావ్?" ఆవిడ గుసగుసలాడాననుకుంది కానీ ముందు వరసవాళ్లందరూ చెవులు ఇటు పడేశారు. "'అమ్మా, ఆ పిల్లని అడగాలంటే నువ్వూ, మావయ్యలూ, అత్తయ్యలూ అందరూ వాళ్లింటికి రావాలి. ఈ డొక్కు కారులో నీ ఒక్కదాని పావడాలే పట్టవు' అన్నాడు. ఆ మాటకి మెత్తబడి కొన్నాను. సరే, పిల్ల వారంవారం తిరిగే దారి ఎలా ఉంటుందో చూద్దామని ఇవాళ నేనే ఎక్కాను."

దనీత్సా ముఖం కాలిపోయింది. తలుపు ఎలా ధడాల్న వేసిందో గుర్తొచ్చి ఇంకా కాలిపోయింది. ఆ సిగ్గు కనుమ దాకా నిలిచింది. కనుమ దాటాక పొగమంచు వచ్చి కిటికీలన్నింటినీ తెల్లగా మూసేసింది. మట్టి దారి మొదలైంది. సీటు ఎంత మెత్తగా ఉంటే ఏం? ఇక్కణ్ణుంచి ముల్లు కనబడదు. అతని ముఖం కనబడదు. తలల మీదుగా అతని మెడ మాత్రం కొద్దిగా కనిపిస్తోంది. దనీత్సా ఆ మెడనే చూస్తూ కూర్చుంది.

ఏదో బిగుసుకున్నట్టయి కిందికి చూస్తే, బసీలియా చెయ్యి తన చెయ్యిని పట్టుకుని ఉంది. ఆవిడ పెదవులు తెల్లబడ్డాయి.

"నాకు ఈ దారంటే చచ్చేంత భయం, తల్లీ," అంది. ఈసారి నిజంగానే గుసగుస. "టోపీ వంకపెట్టి ఇన్నేళ్లు సెడాన్ ఎక్కకుండా తప్పించుకున్నాను. వాడికి చెప్పకు."

అప్పుడే బండి ఆగింది.

ముందు దారి లేదు. కొండచరియ విరిగి, బురదా రాళ్లూ చెట్లూ కలిసి దారిని మింగేశాయి. పైన పొగమంచులోంచి ఇంకా చిన్న చిన్న రాళ్లు రాలుతున్నాయి. టక్. టక్. పైకప్పు మీద ఒకటి పడింది. ఎవరో కెవ్వుమన్నారు.

"అందరూ దిగండి!" లింబెర్ట్ గొంతు మామూలుగానే ఉంది. మెడ మాత్రం బిగుసుకుపోయింది. "కొండని ఆనుకుని వెనక్కి నడవండి. మలుపు దగ్గర దారి వెడల్పుగా ఉంది, అక్కడ ఆగండి. బండిని వెనక్కి తెస్తాను."

జనం ఒకరిమీద ఒకరు పడి దిగారు. మినీవ్యాన్ ఖాళీ అయింది. తలుపు బార్లా తెరుచుకుని ఉంది. దనీత్సాకీ దానికీ మధ్య ఇప్పుడు ఒక్క మనిషి కూడా లేడు.

"పద అమ్మా," అంది, లేచి.

బసీలియా కదల్లేదు. "కాళ్లు రావటం లేదు తల్లీ. నువ్వు వెళ్లు. వెళ్లు!"

బరువైన మనిషి. పట్టి లాగినా లేవలేదు. టక్, టక్, పైన ఇంకో రెండు. లింబెర్ట్ వెనక్కి తిరిగి చూశాడు. ఇద్దరు ఆడవాళ్లు, ఒకరి చెయ్యి ఒకరి చేతిలో. అతని ముఖంలో రక్తం లేదు.

"దనీత్సా, దిగు."

ఎప్పుడూ టీచరమ్మా అనేవాడు, మీరు అనేవాడు. తన పేరు అతని నోట ఇంత భయంగా వస్తుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. తలుపు వైపు చూసింది. మళ్లీ అతని వైపు చూసింది.

"దిగను. వెనక కిటికీ అద్దం నా పక్కనే ఉంది. నేను చూసి చెప్తాను, నువ్వు పోనియ్యి."

కోటు చేతితో ఆవిరి తుడిచింది. అద్దంలోంచి బయటికి చూసింది. ఎర్రటి మట్టి, దాని పక్కన ఏమీ లేని తెలుపు. ఆ తెలుపు కింద ఎంత లోతుందో దేవుడికే తెలియాలి. రెండు కళ్లూ తెరిచే ఉంచింది.

"కొండ వైపుకి... ఇంకొంచెం... ఆగు! చక్రం అంచు మీదుంది. ముందుకి... ఇప్పుడు కొండ వైపుకి తిప్పు. రా. రా. నెమ్మదిగా."

బసీలియా కళ్లు మూసుకుని తెలిసిన ప్రార్థనలన్నీ, తెలియనివి కూడా చదివేస్తోంది. బండి బెత్తెడు బెత్తెడుగా వెనక్కి జరిగింది. సగం దూరం వచ్చారో లేదో, ముందు పెద్ద చప్పుడు. ఇందాక వాళ్లు ఆగిన చోట గది అంత బండరాయి వచ్చి పడింది. లింబెర్ట్ బ్రేకు తొక్కాడు. 

"ఆగకు," అంది దనీత్సా. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "రా."

మలుపు దగ్గర వెడల్పు చోటుకి చేరాక జనం బండిని చుట్టుముట్టారు. దనీత్సా దిగి నాలుగడుగులు వేసి, అక్కడే బురదలో కూలబడింది. లింబెర్ట్ వచ్చి ఆమె ఎదురుగా కూలబడ్డాడు.

"పిచ్చా నీకు? దిగమంటే దిగవేం?"

"నువ్వు దిగావా?"

"నా చేతులు చూడు." చాచాడు. ఆకుల్లా వణుకుతున్నాయి.

"నావీ," అని ఆమె కూడా చాచింది. రెండు జతలూ ఒకేలా వణుకుతుంటే ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆమెకి ఏడుపొచ్చింది.

"లింబెర్ట్, నేను నీకు పనికిరాను. నువ్వు రోడ్డెక్కితే నాకు అన్నం దిగదు. బడిలో పాఠం సాగదు. ఇలాంటి పిరికిదాన్ని కట్టుకుని ఏం చేస్తావు?"

అతను నోరు తెరిచే లోపల పైనుంచి గొంతు వినిపించింది. బసీలియా ఎలా దిగిందో దిగింది. టోపీ సర్దుకుని నిలబడి ఉంది.

"భయపడని పిల్ల నా ఇంటికి వద్దు. మా ఆయన ఈ దారిమీదే లారీ నడిపాడు, జీవితమంతా. జీవితమంతా నేను భయపడుతూనే ఉన్నాను. నేను ఏడుస్తానని నెమ్మదిగా పోయేవాడు. ముసలాడై, దిండు మీద తలపెట్టుకుని, మంచంలో పోయాడు. ఇప్పుడు కొడుకు గురించి భయపడుతున్నాను. ఒక్కదాన్నే మొయ్యలేకపోతున్నాను తల్లీ. సగం నువ్వు తీసుకుంటావా?"

దనీత్సా ముక్కు తుడుచుకుంది. తలూపింది.

"ఇక ఇవాళ చులుమానీ లేదు," అంది బసీలియా, కొడుకుతో. "బండి తిప్పు. ఈ పిల్ల ఇంటికి పోదాం."

"ఇప్పుడా? ఈ బురదతోనా? మావయ్యలు లేరు, పూలు లేవు, బీరు లేదు..."

"నేను లేనా?"

అవతలికి నడిచిపోదామనుకున్నవాళ్లు చరియ జారడం ఆగేదాకా అక్కడే కాచుకున్నారు. మిగతావాళ్లు బండెక్కి వెనక్కి వచ్చారు. దారిలో పోంగో అనే ఊరి దగ్గర ఆగి, వేయించిన చేపలు వేడివేడిగా పొట్లం కట్టించింది బసీలియా. చేతులూపుకుంటూ పోకూడదు కదా. అడ్డాలో అందరూ దిగాక ముందు సీటు ఖాళీ అయింది. దనీత్సా అందులో కూర్చుని దారి చెబుతోంది.

"మీ నాన్నగారు ఏం చేస్తారు?" అడిగాడు లింబెర్ట్, చాలా తేలిగ్గా.

"చెప్పలేదా? ట్రాఫిక్ పోలీసు. సార్జంటు."

బండి ఒక్క కుదుపు కుదిపి ఆగింది. వెనక హారన్లు మోగాయి.

"అమ్మా," అన్నాడు లింబెర్ట్ నీరసంగా, "వచ్చే ఆదివారం వెళ్దామా?"

"పోనియ్యి!" అన్నారు ఇద్దరాడవాళ్లూ ఒకేసారి.

తలుపు తీసిన సార్జంటు ముందు కూతుర్ని చూడలేదు. బండిని చూశాడు. టైర్లు చూశాడు, బురద పట్టిన నంబరు ప్లేటు చూశాడు, పైకప్పు మీద సొట్టలు చూశాడు. అప్పుడు చేపల పొట్లం పట్టుకుని నిలబడ్డ కుర్రాణ్ణి చూశాడు.

"లైసెన్సు."

లింబెర్ట్ ఇచ్చాడు.  సార్జంటు దాన్ని చదివి, తిరగేసి, మళ్లీ చదివాడు.

"చులుమానీ దారా?"

"అవును సార్."

"ఆ దారిలో నడిపే మగాళ్లందరూ నాకు ఒకే మాట చెబుతారు. 'నాకేం భయం లేదు సార్జంటు గారూ, కళ్లు మూసుకుని నడపగలను' అని. నువ్వేమంటావు?"

లింబెర్ట్ తల్లి వైపు చూశాడు. దనీత్సా వైపు చూశాడు.

"నాకు భయం సార్," అన్నాడు. "ఆ దారంటే భయం. మీ అమ్మాయి బండిలో ఉంటే ఇంకా భయం. ఇప్పుడు మీరంటే అన్నింటికన్నా భయం."

సార్జంటు లైసెన్సు అతని జేబులో పెట్టాడు. చేపల పొట్లం చేతిలోంచి తీసుకున్నాడు.

"లోపలికి రండి," అన్నాడు. "చల్లారిపోతున్నాయి."